బోడి చేనుకు తోడు

ఎకరాకు 400 కిలోల ఘన జీవామృతం చల్లమని ప్రకృతి సేద్యం చేసేవాళ్లు చెబుతారు. అందులో నత్రజని ఎంతుంటుందో ముందు లెక్క వేద్దాం. ఘన జీవామృతంలో ఎక్కువ భాగం ఎండిన పేడే, ఎండిన పేడలో నత్రజని సుమారు ఒకటిన్నర శాతం. అంటే 400 కిలోలకు 6 కిలోలు. యూరియా బస్తా బరువు 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైమాట. ఇంత శ్రమపడి తయారుచేసి, మోసి, చల్లిన పేడ ఉండల్లో ఉన్నది మూడో వంతు బస్తా యూరియాకు కూడా సరిపోదు. మరి దీంతో పంట ఎలా పండుతుంది? 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ పెట్టుబడి లేని సేద్యం మీద సందేహాలు లేవనెత్తినప్పుడు శాస్త్రవేత్తల మనసులో ఉన్న ముఖ్యమైన ప్రశ్న ఇదే. అది న్యాయమైన ప్రశ్న. దాన్ని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది.

అయితే ఆ లెక్క ఘన జీవామృతాన్ని ఎరువుగా చూసి వేసిన లెక్క. నేను దాన్ని చూసిన చోట అది ఎరువు పని చేయడం లేదు. ఏడు నెలలుగా ఒక్క పచ్చని ఆకు కూడా లేని ఎర్ర చేలో, వానాకాలానికి ముందే మొక్క నిలబడేలా చేయడానికి వాడుతున్నారు. ఆ పనికి కావలసినవి వేరు.

అనంతపురం సంగతే చెబుతున్నాను. సాలీనా సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదీ ఒక పద్ధతిగా రాదు. ఎర్ర నేల, కింద గులక, చాలాచోట్ల జానెడు లోతులోనే రాయి. దశాబ్దాలుగా వేరుశనగే పంట. ఈ పంట గురించి ఒక మాట చెప్పుకోవాలి. జొన్న కోస్తే మోడు మిగులుతుంది, వేరు నేలలోనే ఉంటుంది. కంది కొడితే ఆకు రాలి ఉంటుంది. వేరుశనగ అలా కాదు, పీకే పంట. వేరుతో సహా బయటికి వస్తుంది. కాయ మార్కెట్‌కు పోతుంది, కట్టె పశువుల మేతకు పోతుంది. చేలో మిగిలేది కెలికిన మన్ను. అక్టోబరు, నవంబరు నుంచి మళ్లీ జూన్ దాకా దాని మీద ఎండ, గాలి తప్ప ఇంకేమీ ఉండవు. బొమ్మనహాళ్, కణేకల్ వైపు హగరి ఒడ్డున ఇసుక మేటలు చేలమీదికి పాకడం చూసినవాళ్లకు, మట్టిని కప్పేది ఏమీ లేకపోతే గాలి ఏం చేస్తుందో విడిగా చెప్పనక్కర్లేదు.

ఇలా బోడిగా పడి ఉన్న నేలలో జరిగేదేమిటి? వేసవిలో పైపొర వేడి, గాలి వేడిని దాటిపోయి 50 డిగ్రీల పైకి పోతుంది. సూక్ష్మజీవుల్లో కొన్ని చస్తాయి, కొన్ని నిద్రావస్థలోకి పోతాయి. వేరు లేదు కాబట్టి బతికున్నవాటికీ తిండి లేదు. తొలి వాన చినుకు నేరుగా మట్టిమీద పడి కణాలను చిదిమేస్తుంది. సన్నటి బంకమన్ను రేణువులు రంధ్రాలను పూడ్చేస్తాయి. వాన వెలిసి ఎండ తగలగానే పైన పెచ్చు కడుతుంది. ఆ తర్వాత పడిన నీళ్లు లోపలికి దిగవు, పక్కకు పారిపోతాయి, పోతూ పోతూ పైమట్టినీ తీసుకుపోతాయి. విత్తనం మొలిచినా ఆ పెచ్చును చీల్చుకుని పైకి రాలేదు. ఇలాంటి నేలకు యూరియా వేస్తే ఏమవుతుంది? అందుకునే వేరు లేదు, పట్టుకునే సేంద్రియ పదార్థం లేదు. కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీటితో పోతుంది. బోడి నేలలో పోషకాల కొరత ఉన్నమాట నిజమే. కానీ దానికంటే ముందు అక్కడ ప్రాణి కొరత ఉంది. వరస మార్చి వైద్యం చేస్తే డబ్బు దండగ.

ఘన జీవామృతం తయారీని పుస్తకాల్లో నాలుగు వాక్యాల్లో రాస్తారు. 100 కిలోల ఆవుపేడ, కిలో రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను, ముద్ద కట్టడానికి సరిపడా మూత్రం, ఇవన్నీ కలిపి నీడలో ఆరబెట్టాలి. సుభాష్ పాలేకర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చేసేవాళ్ల పక్కన కూర్చుని చూస్తే మాత్రం ఆ నాలుగు వాక్యాల వెనక ఎంత పనితనం ఉందో తెలుస్తుంది. పేడ మరీ పచ్చిగా ఉంటే ఉండ నిలవదు, మరీ ఎండితే బెల్లం నీళ్లు లోపలికి పోవు. బెల్లాన్ని మూత్రంలోనే కరిగించి చల్లుతూ కలుపుతారు, ఒకచోట గడ్డ కట్టకుండా. పిండి శనగదైనా, ఉలవదైనా, పెసరదైనా ఫరవాలేదు, పురుగు పట్టిన పప్పు ఆడించినా చాలు. మన్ను మాత్రం ఎక్కడ పడితే అక్కడ తేరు. మందు పడని గట్టు మీద, చెట్టు మొదట్లో, ఆకు కుళ్లి నల్లబడిన చోట వెతికి తెస్తారు. అన్నిటికంటే బరువు తక్కువైన ఆ గుప్పెడే అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ నేలకు అలవాటైన సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. బెల్లం వాటికి తక్షణ శక్తి, పిండి వాటికి మాంసకృత్తులు, పేడ వాటికి ఇల్లు, తిండి రెండూ.

తర్వాత ఆరబెట్టడం. వేపచెట్టు కింద గోనెపట్ట పరిచి ముద్దలు పెడుతున్న ఒక రైతును అడిగాను, పక్కనే ఇంత ఎండ ఉంది కదా అక్కా, అందులో వేస్తే రెండు రోజుల్లో ఎండిపోదా అని. "ఎండకేస్తే పిడక అయితాదన్నా, పొయ్యిలోకి పనికొస్తాది. నీడకేస్తేనే చేనుకు పనికొస్తాది" అంది. అంతకంటే సరిగ్గా నేనూ చెప్పలేను. నేరుగా ఎండ తగిలితే వేడికీ, అతినీలలోహిత కిరణాలకూ సూక్ష్మజీవులు పోతాయి. నీడలో నెమ్మదిగా తేమ తగ్గుతూ వస్తే కొన్ని రకాల బ్యాక్టీరియా, శిలీంధ్రాలు గట్టి పెంకు కట్టుకుని బీజరూపంలోకి మారిపోతాయి. అలా మారినవి నెలల తరబడి ఉంటాయి. అందుకే గోనెసంచుల్లో కట్టి ఆరు నెలల దాకా నిల్వ పెడతారు.

ద్రవ జీవామృతం ఉండగా ఈ గట్టిది ఎందుకన్న ప్రశ్న చాలామంది వేస్తారు. తడి ఉన్న చేలో, వేరు ఉన్న మొక్కకు ద్రవం బాగా పనిచేస్తుంది. బోడి ఎర్ర నేలమీద మే నెలలో ద్రవం పోస్తే సాయంత్రానికి ఆరిపోతుంది, అందులోని ప్రాణులు అక్కడే మాడిపోతాయి. ఉండ అలా కాదు. చినుకు పడినప్పుడు అంచు తడుస్తుంది, అంతమేరకు మేలుకుంటుంది. మళ్లీ ఆరిపోతే మళ్లీ ఆగుతుంది. పది రోజులకు ఇంకో జల్లు పడితే ఇంకొంచెం విడుస్తుంది. వాన లేని చోట వాన కోసం ఆగగలగడమే దాని గొప్పతనం. పాలలో వేసిన తోడు పాల కొలత పెంచదు, ఆ పాలను పెరుగు చేసే పని మొదలుపెడుతుంది. చేలో ఈ ఉండ చేసేదీ అదే. కాబట్టి 6 కిలోల నత్రజనితో పంట ఎలా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది: దాంతో పంట కాదు, దాంతో తొలి వేరు. పంట సంగతి ఆ తర్వాతి మాట.

తొలి వేరు రావాలంటే విత్తనం ఉండాలి కదా. ఇక్కడే అసలు మెలకువ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మొదలైంది. 2018 ప్రాంతంలో ఈ అనంతపురం నేలలోనే వానలకు ముందే పొడి దుక్కిలో విత్తే పద్ధతిని పట్టాలెక్కించారు. సిబ్బంది దీన్ని పీఎండీఎస్ (ప్రీ మాన్సూన్ డ్రై సోయింగ్) అంటారు, రైతులు నవధాన్యాలు అంటారు. పేరుకు నవధాన్యాలే గానీ పదిహేను, ఇరవై రకాలకు తక్కువ ఉండవు. జొన్న, సజ్జ, కొర్ర, అలసంద, అనప, పెసర, ఉలవ, కంది, నువ్వు, ఆముదం, ధనియాలు, ఆవాలు, గోంగూర, తోటకూర, జనుము, ముల్లంగి, దోస, ఎవరింట్లో ఏది ఉంటే అది.

ఈ విత్తనాలను ఉన్నవి ఉన్నట్టు చల్లితే చీమలు, పిట్టలు ఒక్కటి మిగల్చవు. మిగిలినవి మాడిపోతాయి. అందుకని వాటికి పొరలు కడతారు. ముందు విత్తనశుద్ధికి వాడే బీజామృతంతో తడుపుతారు. గోనెపట్ట మీద పోసి ఇద్దరు చెరో అంచు పట్టుకుని అటూ ఇటూ దొర్లిస్తూ మెత్తటి బంకమన్ను పొడి చల్లుతారు, తర్వాత ఘన జీవామృతం పొడి, తర్వాత బూడిద. మళ్లీ కాస్త తడి, మళ్లీ పొర. చివరికి గింజ కనిపించకుండా గుండ్రటి పూస తయారవుతుంది. పొర పల్చనైతే చీమ తినేస్తుంది, మందమైతే చిన్న జల్లుకు లోపలికి తడి అందదు. ఆవగింజనూ ఆముదం గింజనూ ఒకేసారి దొర్లిస్తే పెద్దది పొరంతా లాగేసుకుంటుంది, చిన్నది ఖాళీగా మిగులుతుంది. కాబట్టి విడివిడిగా చేసి తర్వాత కలుపుతారు. జపాన్ రైతు మసనొబు ఫుకువోకా మట్టిలో చుట్టిన విత్తనాలను చల్లి సేద్యం చేశాడని, 1988లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చిందని చాలామందికి తెలుసు. ఆ ఆలోచనకు ఇక్కడ ఘన జీవామృతం పొర తోడైంది. గింజ మొలిచే క్షణానికి వేరు పక్కనే దానికి కావలసిన ప్రాణులు సిద్ధంగా ఉంటాయి. నేలంతా బాగుచేయడం కంటే ఆ వేరు చుట్టూ ఉన్న వేలెడు మట్టిని బాగుచేయడం ఎంత తేలికో ఆలోచించండి.

చల్లాక పైన కప్పాలి. వేరుశనగ పొట్టు, కంది కట్టె, చెత్త, ఆకు, ఏది దొరికితే అది. ఎండ మట్టికి తగలకూడదు, చినుకు మట్టిని కొట్టకూడదు. నన్నడిగితే ఈ మొత్తం పద్ధతిలో దేన్నైనా వదిలేయొచ్చేమో గానీ కప్పును వదిలేయకూడదు. కానీ ఎక్కువమంది వదిలేసేదీ దీన్నే, ఎందుకంటే మేతకు లేని చెత్తను చేనుకు ఎక్కడినుంచి తెస్తారు? ఇది నిజమైన ఇబ్బంది. తొలి ఏడు పల్చగానైనా కప్పి, ఆ ఏడు వచ్చిన కట్టెలో కొంత రెండో ఏటికి దాచుకోవడం ఒక్కటే నాకు కనిపించిన దారి.

గాలిలోని తేమతో, మంచుతోనే ఈ మొక్కలు బతికేస్తాయని కొందరు చెబుతారు. ఆ మాటను నేను పూర్తిగా తీసుకోను. కప్పు కింద రాత్రిపూట కాస్త తేమ నిలుస్తుంది, అది మొలకకు ఆసరా అవుతుంది, అంతవరకు సరే. మొక్కను నిలబెట్టేది మాత్రం ఏప్రిల్, మే నెలల్లో పడే ఉరుముల జల్లులే. ఇదివరకు ఆ జల్లులు బోడి నేలమీద పడి ఆవిరైపోయేవి. ఇప్పుడు వాటికోసం కాచుకుని గింజ ఉంది. పద్ధతి గొప్పతనం చెప్పడానికి ఇది చాలు, అంతకు మించి చెబితే రైతు వాన లేని ఏడు మోసపోతాడు.

ఒకసారి మొలిచాక మిగతా పని మొక్క చూసుకుంటుంది. ఆకు తయారుచేసిన చక్కెరలో చెప్పుకోదగ్గ భాగాన్ని వేరు ద్వారా మట్టిలోకి వదులుతుంది. ఆ తీపి కోసం బ్యాక్టీరియా, శిలీంధ్రాలు చేరతాయి, బదులుగా మట్టిలో కరగని భాస్వరాన్ని, దూరాన ఉన్న తడిని తెచ్చిస్తాయి. వేరును అంటిపెట్టుకునే మైకోరైజా శిలీంధ్రాల పోగుల నుంచి వచ్చే జిగురులాంటి పదార్థానికి గ్లోమాలిన్ అని పేరు. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త సారా రైట్ 1996లో దాన్ని గుర్తించారు. మట్టి కణాలు ముద్దలు ముద్దలుగా అంటుకోవడంలో ఇలాంటి జిగుర్లది పెద్ద పాత్ర. ముద్దల మధ్య సందులుంటేనే నీరు లోపలికి దిగుతుంది, పెచ్చు కట్టదు. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆవాలు, ముల్లంగి, తోటకూర వంటివి ఈ మైకోరైజాతో పొత్తు పెట్టుకోవు. జొన్న, సజ్జ, పప్పుజాతి మొక్కలు పెట్టుకుంటాయి. తోటకూర ఒక్కటే చల్లితే నేల పచ్చగా కనబడుతుంది గానీ ఆ శిలీంధ్రానికి ఆశ్రయం దొరకదు. ఇన్ని రకాలు కలిపి చల్లమనడం వెనక ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

నిదానంగా పనిచేసేదాన్ని నేలకు పెట్టడం మన పెద్దలకు కొత్త కాదు. సీమలో వేసవిలో గొర్రెల మందను చేలో నిలిపించుకుని కాపరికి గింజలో డబ్బో ఇచ్చేవాళ్లు, ఇప్పటికీ ఇస్తున్నారు. పెంటిక గట్టిగా ఉంటుంది, నెమ్మదిగా విడుస్తుంది, ఎర్ర నేలకు అది తగిన మందు. చెరువు మట్టి తోలడం ఇంకొకటి. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసి చేలకు తోలుకున్నప్పుడు ఆ సంగతి కొత్త తరానికీ తెలిసింది. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో రైతు యాకూబా సవదోగో గట్టిపడ్డ బోడి నేలలో గుంతలు తవ్వి పేడ వేసేవాడు. ఆ పేడకు చెదలు వచ్చేవి, చెదలు చేసిన కన్నాల గుండా వాననీరు దిగేది. ఆ నేలలో అడవే లేచింది. 2018లో ఆయనకు రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు ఇచ్చారు. మనం చెద అనగానే మందు కొట్టడానికి పరుగెడతాం. పుట్టమన్ను విలువ తెలిసిన ఊళ్లలోనే ఈ పరుగు ఎందుకో నాకు బాధగా ఉంటుంది.

ఇక మేత గొడవ. ఊరంతా ఎండిపోయి ఉన్న మే నెలలో ఒక్కడి చేను పచ్చగా ఉంటే ఊరి మేకలన్నీ అక్కడికే వస్తాయి. కోత అయ్యాక చేలన్నీ అందరి పశువులకూ తెరిచి ఉంచడం సీమ ఆచారం, దాన్ని తప్పు పట్టలేం, భూమి లేని కాపరి బతుకు దానిమీదే ఉంది. కానీ నేలను కప్పాలంటే కొన్నాళ్లు కాపలా తప్పదు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్‌ను నెలకొల్పిన బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం 1990 ప్రాంతంలో కొన్న 32 ఎకరాల బీడు ఎలా పచ్చబడిందో ఆ వైపు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. అక్కడ ముఖ్యంగా చేసింది నిప్పు నుంచి, గొడ్డలి నుంచి, మేత నుంచి నేలను కాపాడటం. ఏ మందూ, ఏ ఉండా లేకపోయినా కాపలా ఉంటే నేల లేస్తుంది, ఆలస్యంగా లేస్తుంది. కాపలా లేకపోతే మాత్రం ఎన్ని ఉండలు వేసినా లేవదు. పది మంది రైతులు ఒకే పట్టీలో కలిసి విత్తి, కాపరితో ముందే మాట్లాడుకుని, కోత తర్వాత మొదటి మేత అతని మందకే ఇస్తామని ఒప్పుకుంటే ఇరువైపులా నష్టం ఉండదు. ఒంటరి రైతు చేయగల పని కాదిది.

ఇప్పుడు దుకాణాల్లో దొరికేవాటి గురించి. హ్యూమిక్ గుళికలు, సముద్రపు నాచు సారం, సూక్ష్మజీవుల పొడులు, ఎన్నో రంగుల సంచుల్లో వస్తున్నాయి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి బయోస్టిమ్యులెంట్లను దాని పరిధిలోకి తెచ్చింది. పోషకాల శాతంతో నిమిత్తం లేకుండా మొక్క జీవక్రియలను ఉత్తేజపరిచి, ఎదుగుదలను, ఒత్తిడిని తట్టుకునే శక్తిని పెంచేదే బయోస్టిమ్యులెంట్ అని ఆ ఉత్తర్వే చెబుతోంది. ఆ నిర్వచనం చదివితే వేపచెట్టు కింద ఆరుతున్న ముద్దలు నాకు గుర్తొస్తాయి. కొనే సరుకును నేను వద్దనను. గనుల మట్టిగుట్టల మీద, రోడ్డు కట్టల మీద పైమట్టే లేని చోట పచ్చదనం తేవాలంటే తొందరగా, పెద్ద ఎత్తున చల్లగలిగినది కావాలి. కానీ ఎకరా రెండెకరాల మెట్ట రైతు, గింజ లేకుండా, కప్పు లేకుండా, ఉత్త గుళికలు కొని బోడి నేలమీద చల్లితే ఆ డబ్బు మట్టిపాలే. ప్రేరకం ఎవరిని ప్రేరేపించాలి, అక్కడ మొక్కే లేనప్పుడు?

నాటు ఆవు పేడే కావాలన్న పట్టుదల మీద కూడా నా అభిప్రాయం చెబుతాను. దొరికితే మంచిదే. దొరకలేదని పని మొదలుపెట్టకుండా ఆగిపోయిన రైతులున్నారు, అది మంచిది కాదు. ఊళ్లో ఏ పేడ దొరికితే దాంతో మొదలుపెట్టాలి. గేదె పేడతో చేసినదానికీ, ఆవు పేడతో చేసినదానికీ తేడా ఉంటే చేను చూపిస్తుంది.

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి పోర్చుగల్ వారి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్, ఈజిప్టు సంస్థ సెకెమ్‌లతో కలిపి. సంతోషించాం. బహుమతితో శాస్త్రవేత్తల ప్రశ్న తీరిపోదు, తీరకూడదు కూడా. దాన్ని తీర్చాల్సింది చేలోనే, రైతు కళ్ల ముందే.

అందుకని పాఠకుల్లో మెట్ట చేను ఉన్నవాళ్లకు ఒక విన్నపం. ఉగాదికి ముందే పేడ కలిపి నీడలో వేయండి, ఆరడానికి వ్యవధి కావాలి. ఎకరా అంతా వద్దు, పావు ఎకరం చాలు. దాన్ని నాలుగు పట్టీలు చేయండి. ఒకదాంట్లో గింజ, కప్పు, ఘన జీవామృతం మూడూ వేయండి. రెండోదాంట్లో ఘన జీవామృతం మానేయండి. మూడోదాంట్లో కప్పు మానేయండి. నాలుగోదాన్ని ఎప్పటిలా బోడిగా వదిలేయండి. మొలక ఎక్కడ ఎంత నిలిచిందో చూసుకోండి. జూన్‌లో పెద్ద వాన పడ్డ మర్నాడు పార తీసుకుని వెళ్లి నాలుగు చోట్లా తవ్వి, తడి ఎంత లోతుకు దిగిందో కొలిచి రాసిపెట్టుకోండి. ఆ నాలుగు అంకెలను పక్క చేను రైతుకూ చూపించండి.